హర్షిణి పేరు పెట్టాల్సిన మొక్క

"నవ్వుకోండప్పా. పది గంటల బస్సుకు కాలేజీ సారు దిగుతాడు, అప్పుడు చూద్దాం," అంటూ కోసిగిలో హులిగెమ్మ టీకొట్టు ముందర బెంచీ మీద దేవేంద్రప్ప బొండా తుంచినాడు. "మొన్న కొండ మీద గొర్రెలు మేపుతాంటే రాళ్ల సందున కనపడింది. మనం తినే కుందేటి కొమ్ముల మొక్క మాదిరే ఉండాది గానీ అది కాదు. వేలంత కాడ, ఆకు లేదు, నల్లటి పువ్వు. ఫోటో పంపితే సారు ఏమన్నాడో తెలుసా? ఇది ఏ పుస్తకంలోనూ లేదు, పువ్వుతో సహా చూపిస్తే కొత్త జాతి అని రాస్తా, నువ్వు చెప్పిన పేరే పెడతా అన్నాడు. కడప హాస్టల్లో ఉండే నా కూతురు హర్షిణి పేరు చెప్పినా."

"ఒకటే మొక్కనా?" అన్నాడు పక్కన కూర్చున్న లక్ష్మన్న.

"కొండంతా వెతికినా, ఒకటే. దాని బలం విను. మేక కొస కొరికింది, మూడు నెల్లు మేత ముట్టలేదు."

"దొరికింది మొన్న కదప్పా, మూడు నెల్లు యాడివి?"

"అది మేకనడుగు. నేను గోరంత నాకినా, అప్పటి నుంచి ఆకలనేదే లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి కడిగిన నీళ్లు వంకలో పడి, తుంగభద్రలో కలిసి, శ్రీశైలం డ్యాముకు చేరినాయి. ఆడ చేపలు ఎర ముట్టడం మానేసినాయి."

"ఇదంతా పాపకు చెప్పినావా?"

"మీకు ఏమైనా చెప్తా. అంత దూరంలో ఉండే బిడ్డకు ఒట్టి మాట చెప్పకూడదు. సారు వస్తాడు, నీ పేరు పెడతాడు, అంతే చెప్పినా."

"మొక్క యాడుండాది?"

"వాడిపోకుండా తడిగుడ్డలో చుట్టి, పొద్దున్నే ఈ అక్క కొట్టులోనే నీళ్లకుండ పక్కన పెట్టినా."

టీ వడగడుతున్న హులిగెమ్మ చెయ్యి ఆగింది. "ఏటా వానలకు కుందేటి కొమ్ములు తెచ్చిచ్చేది నువ్వే కదప్పా. పచ్చడికే అనుకొంటి. చింతపండు వేసి నూరేసినా. ఆకలే లేదంటివి, ఆ పచ్చడితోనే నాలుగు బొండాలు తింటివి. చేతిలోది అయిదోది."

ఎవరూ నవ్వలేదు. దేవేంద్రప్ప ఫోన్ తీసి కూతురి నంబరు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మలుపు దగ్గర బస్సు హారన్ మోగింది.

"రోలు కడగొద్దక్కా," అని లేచినాడు. "సారును దాన్నే నాకి చూడమంటా. ఇట్లాంటి రుచి ఏ పుస్తకంలో ఉండాదో చూపించమంటా."