వెనక్కి తిప్పని మర

ఏంట్రా అల్లుడూ, చేతిలో ఆ పెట్టె? బోల్టు కన్నంలో మర కోసే ట్యాపులా? కారు ఇంట్లోనే బాగుచేసుకుంటున్నావా? అచ్చం మీ నాన్నే. కూర్చో, ముందు టీ తాగు. కొత్తవా, పాత సామాన్ల వీధిలోవా? ఊఁ, పాతవే. మా బావ, అదే మీ నాన్న కూడా అక్కడే కొన్నాడు, నేనూ పక్కనే ఉన్నా. అమ్మినాయన ఒకప్పుడు లేత్ మిషను మీద పనిచేసిన ముసలాయన, చూపు ఆనదు, ఏ సైజైనా తడిమి తీసిచ్చేవాడు. "బాబూ, ముందుకి అర చుట్టు, వెనక్కి పావు చుట్టు. అలాగైతేనే ఇనప పొట్టు తెగి కింద పడేది. నువ్వు వెనక్కి తిప్పకపోతే అదే తిప్పుకుంటుంది" అన్నాడు. మీ నాన్న పకపకా నవ్వేశాడు. "పోవోయ్ తాతా, నీ చాదస్తం నువ్వూనూ!" బావకి వెనక్కి అనే మాటే పడదురా. ఓసారి స్కూటర్‌లో పెట్రోలు అయిపోతే, దాటొచ్చిన బంకుకి తిరిగెళ్ళక, చెమటలు కక్కుతూ ముందుకే తోసుకుపోయిన ఘనుడు!

ఆఁ, ఎక్కడున్నాం? మీ నాన్న కారుకి చక్రం బోల్టు పట్టే చోట మర అరిగిపోయింది. ఆ ట్యాపుతో కొత్త మర కోశాడు, ఒక్కసారైనా వెనక్కి తిప్పకుండా. ఆ కీచు శబ్దానికి నాకు పళ్ళు జివ్వుమన్నాయి. బోల్టులు పెట్టి, స్పానర్ మీదెక్కి తొక్కి మరీ బిగించాడు. పొద్దున చూస్తే వదులు. ఎంత? పావు చుట్టు. "ఎవడో ఆకతాయి వెధవ పని" అన్నాడు. మళ్ళీ బిగించాడు, మళ్ళీ అంతే. అప్పుడు మీ అమ్మకి నిండు నెలలు, నువ్వు కడుపులో ఉన్నావు. ఆసుపత్రికి ఆ కార్లోనే వెళ్ళాలి కదా, భయం ఉండదూ? మా అక్క తెలివి చూడు, ఎర్ర గోళ్ళ రంగు తెచ్చి, ప్రతి బోల్టు మీంచి చక్రం మీదకి ఒక గీత గీసింది. బోల్టు కదిలితే గీత తెగుతుందన్నమాట. షెడ్డుకి తాళమేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. పొద్దున తీసి చూస్తే గీతలన్నీ తెగున్నాయి. నాలుగు చక్రాలవీ! కోసింది ఒక్కచోటేరా! ఆ తర్వాత సీసా మూతలు, తలుపు గడియ మరలు, ఆయన ఏది బిగించినా అంతే. "నేనీ కారెక్కను, నా బిడ్డనీ ఎక్కించను" అంది అక్క. బావకి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఊరి చివరిదాకా వెళ్ళొస్తా, చూస్తూ ఉండు" అని బయల్దేరాడు.

కారు మలుపు దగ్గర దొరికింది. చక్రాలు ఊడిపోయి కాదు, ఎవరో ఓపిగ్గా విప్పినట్టు చక్రాలు పక్కన పడుకోబెట్టి, బోల్టులు వరసగా పేర్చి ఉన్నాయి. తలుపులన్నీ లోపల్నించి వేసే ఉన్నాయి. మనిషి లేడు. కనపడకుండా పోయాడని నీకు తెలిసిందే, ఇదంతా మీ అమ్మ చెప్పనివ్వలేదు. 

ఇంకా నయం, నువ్వు మొదలెట్టలేదుగా? అప్పుడే కోసేశావా! వెనక్కి తిప్పుతూనేగా? తల అడ్డంగా ఊపుతావేంరా? ఏంటీ, నీ చక్రాల మీద ఎర్ర గీతలా? ఇంకెవరు గీస్తారు, మీ అమ్మే. పొద్దున చూశావా వాటిని? ఎలా ఉన్నాయి?

ఊఁ. పావు చుట్టు.

టీ చల్లారిపోయింది. ఇలా ఇవ్వు, వేడి చేసి తెస్తాను.