పోయాడు అన్న మాటకి అరబీ

అన్నలారా, అక్కలారా, అందరికీ దండం. పని బట్టలైనా మార్చుకోకుండా వచ్చారు. మన కాగితాలన్నీ అరబీలోకి రాసిపెట్టిన తర్జుమా మాస్టారు ఇక లేరు.

నేను హోటల్లో దుప్పట్లు ఉతికేదాన్ని. నాకు ప్రసంగాలు రావు. పొగడటానికీ రాలేదు. జరిగింది చెబుతాను, మాస్టారి ఇల్లాలు, మా వదినగారు నన్ను మన్నించాలి.

తొమ్మిదేళ్ల కిందట వేరే ఊళ్లో పరంజా మీంచి పడి నా భర్త చనిపోయాడు. పక్కగది అక్క చేత లేబరాఫీసుకి తెలుగులో అర్జీ రాయించాను. "మా ఆయన పనిలో ఉండగా పోయాడు, ఆయన్ని నాకు అప్పగించండి." ముప్పై కాగితాల కట్టలో నాదొకటి. మాస్టారు నన్ను చూడలేదు, అడగలేదు. "ధహబ" అని రాసేశారు. అంటే వెళ్లిపోయాడని.

మనకి కరెంటూ పోతుంది, పరువూ పోతుంది, మనిషీ పోతాడు. అరబీలో దేని మాట దానిదేనట. చనిపోతే "తువుఫ్ఫియ" అనాలట. నాకేం తెలుసు?

ఆఫీసు నుంచి ఏం జవాబొచ్చింది? "పని వదిలి వెళ్లినవాణ్ణి మేమెక్కడ తెచ్చేది, పోలీసులకి చెప్పుకో." పదకొండు రోజులు! పదకొండు రోజులు నా మనిషి శవాల గదిలో దిక్కులేకుండా పడున్నాడు.

ఆ జవాబు చదివించుకోవడానికి మాస్టారి దగ్గరికే వెళ్లాను. చదువుతూ ఆగిపోయారు. నా తెలుగు అర్జీ తీసి దానితో సరిచూసుకున్నారు. నాకు చదువు రాదు, దాచేస్తే దాగేది. దాచారా? "తప్పు నాదమ్మా" అన్నారు. ఆఫీసుకెళ్లి అదే మాట రాసి సంతకం పెట్టారు. అప్పుడు గానీ శవాన్ని నాకివ్వలేదు.

ఆనాటి నుంచి మనిషి ఎదురుగా కూర్చోందే కలం ముట్టలేదు. రాసింది మళ్లీ మన మాటల్లో చెప్పి, "ఇదేనా నువ్వన్నది?" అని అడిగేవారు. తాపీమేస్త్రి అన్నని ఒక్క ముక్క కోసం మూడుసార్లు తిప్పారు. చాదస్తపు మాస్టారని నవ్వుకున్నాం. మొన్న ఆసుపత్రి మంచం మీద కూడా ఒకావిణ్ణి కూర్చోబెట్టి, ఆమె అర్జీ ముగించాకే కళ్లు మూశారు.

నన్ను ఒక్కసారే అడిగారు, "క్షమించావా అమ్మా?" అని. నేను పలకలేదు. ఎదురుపడితే తల తిప్పుకున్నాను. తొమ్మిదేళ్లు! ఎంత పాపిష్టిదాన్ని!

లేవండి అన్నలారా, లేవండి అక్కలారా. రెండు నిమిషాలు మీరంతా మౌనంగా ఉండండి. నేను ఉండలేను. ఆయనకి చెప్పాల్సిన జవాబు ఒకటి నా దగ్గర ఉండిపోయింది.