దీవిని ఆపిన వేలు

నా మాటల్లో సగం తీసేస్తే మిగిలేది నిజమని మా ఊళ్ళో అనుకుంటారు. పాపం, మంచివాళ్ళు. ఆ మిగిలినదాంట్లోంచి కూడా ఇంకో సగం తీసెయ్యాలని నాకు తెలుసు గానీ వాళ్ళకి చెప్పను.

ఆ మధ్యాహ్నం మాత్రం నేను సరదాకి కోతలు కొయ్యలేదు. అవసరం పడి కోశాను.

మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి కొత్త గది కట్టారు. గోడ మీద, సరిగ్గా కాఫీ కెటిల్‌కి పైన, ఒక్క ఫొటోకి చోటు వదిలారు. మా ఫారో దీవుల జట్టు మాల్టాని మా ఊరి మైదానంలోనే ఓడించి, దేశాల పోటీలో అట్టడుగున ఉండే డి లీగ్‌లోంచి పైకెక్కిన రోజు తీసిన ఫొటో అది. గాలికి భయపడి టీవీవాళ్ళు కెమెరాలు దించేసుకున్నారు కాబట్టి ఆ రోజుకి మిగిలిన సాక్ష్యం అదొక్కటే. అందులో పెనాల్టీ చుక్క మీద బంతి ఉంటుంది, కొట్టబోతున్న హాల్గిర్ బూటు ఉంటుంది, గాలికి బంతి దొర్లిపోకుండా వేలితో అదిమిపట్టిన, గ్లౌజు తొడిగిన ఒక చెయ్యి ఉంటుంది. చెయ్యి వరకే. మనిషి లేడు.

ఆ చెయ్యి ఎవరిదో తేల్చి, కింద పేరు రాసి, ఆ మధ్యాహ్నమే మేకు కొట్టేద్దామని కమిటీ నిర్ణయం. కమిటీ అంటే బిల్లా పెద్దమ్మే. డెబ్బై ఆరేళ్ళ మనిషి, చేతిలో అల్లిక సూదులు లేకుండా చర్చిలో కూడా కనబడదు.

నాకు యాభై ఏడేళ్ళొచ్చాయి. ఈ ఊళ్ళో నా పేరు రాసి ఉన్న చోటు నా ఉత్తరాల డబ్బా ఒక్కటే. ట్రోండూర్ అని, అది కూడా సగం చెరిగిపోయి. ఇంకో చోట చూసుకోవాలన్న ఆశ తప్పా?

అందుకని ఎవరూ సరిగ్గా చూడకముందే ఫొటోని కోటులో దాచుకుని కొత్త గదికి వెళ్ళి, పొయ్యి దగ్గర కుర్చీ లాక్కుని మొదలెట్టాను.

"పెద్దమ్మా, నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, ఆ వేలు నాదే."

సాల్మన్ చేపల బోనుల దగ్గర పనిచేసే రోగ్వి కేకు నములుతున్నవాడల్లా ఆగాడు. "చెప్పుకోకూడదంటే చెప్పకు బాబాయ్. ఇంటికెళ్ళి పడుకో."

మూల కుర్చీలో అబ్సలోన్ కాఫీలోకి చూస్తూ కూర్చున్నాడు. స్కూలు బస్సు తోలతాడు. ఆ రోజు జట్టులో కుడివైపు వెనక ఆడినవాడు అతనే. చెయ్యి ఎవరిదని అడిగితే "ఎవరో ఒకరు పట్టుకున్నార్లే" అంటాడు. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి, అందులో రెండు గొర్రెలతో. ఇలాంటివాడు నాకేం అడ్డమొస్తాడులే అనుకున్నాను.

"చివరి ఆట అది. గెలిస్తే పైకి, లేదంటే మళ్ళీ అడుగునే. ఎనభై తొమ్మిదో నిమిషం దాకా ఇటు సున్నా, అటు సున్నా. నేను బంతుల పడవ దగ్గరున్నాను. మన మైదానంలో గట్టిగా తన్నిన బంతి సముద్రంలోకే కదా పోయేది, తెచ్చిపెట్టాల్సింది నేనే కదా. ఆ పడవ గొడవ ఇప్పుడెందుకు లెండి, అది రోజూ ఉండేదే. పడవ కట్టేసి ఒడ్డుకొచ్చి నిలబడ్డాను. అప్పుడే గాలి బంతిని తీసుకెళ్ళి మాల్టావాడి చేతికి కొట్టింది. పెనాల్టీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పెనాల్టీ కొట్టారు" అంది పెద్దమ్మ, కుట్లు లెక్కపెట్టుకుంటూ.

"కొట్టడానికి బంతి నిలబడితే కదా! చుక్క మీద పెడితే దొర్లుతుంది, పెడితే దొర్లుతుంది. ఇలాంటి గాలిలో మనవాడు ఇంకొకడు పడుకుని వేలితో పట్టుకోవాలి, అదే మన పద్ధతి. అయితే ఆ రోజు గాలి మామూలు గాలా? కొండ మీంచి పడే జలపాతం తిరిగి కొండెక్కింది. మేస్తున్న గొర్రెలు తడిబట్టల్లా కొండకి అతుక్కుపోయాయి. రిఫరీ విజిలు ఇక్కడ ఊదితే పక్క దీవిలో వినబడి, అక్కడ పిల్లలు ఆడుకుంటున్న ఆట ఆపేశారు."

"జలపాతం వరకూ ఒప్పుకుంటాను, అది నేనూ చూశాను" అన్నాడు రోగ్వి. "గొర్రెలు దిగాయా తర్వాత?"

"ఒకటి ఇంకా దిగలేదు. అది కాదురా, విను. హాల్గిర్ నా వైపు చూశాడు. ట్రోండూర్, నీ వేలు కావాలి అన్నాడు. కోచ్ తన చొక్కా విప్పి నాకు తొడిగాడు."

"బాబాయ్, అప్పటికి నీకు యాభై దాటాయి."

"వేలికి వయసేంట్రా! వెళ్ళి పడుకుని చూపుడువేలు బంతి మీద పెట్టాను. వేలు కదపకు అన్నాడు హాల్గిర్. ప్రాణం పోయినా కదపను అన్నాను. అంతలో ఒక విసురు వచ్చింది చూడు, మాల్టా గోలీ లేచి వలకి తగులుకుని జెండాలా ఎగురుతున్నాడు. వాళ్ళ కెప్టెన్ ఎగిరిపోతూ నా కాలు పట్టుకున్నాడు. ఎండ దేశం పిల్లాడు, నేను మాత్రం కాదంటానా? వాడి చొక్కా ఇంకొకడు, వాడి చొక్కా ఇంకొకడు, వెనక మనవాళ్ళు, ఆఖరున రిఫరీ. రెండు దేశాలు తోరణంలా గాలిలో వేలాడుతున్నాయి. వాటన్నిటికీ మొదలు ఎక్కడ? నా వేలు!"

రోగ్వి బల్ల మీద చరిచి నవ్వాడు. పెద్దమ్మ పెదవి కూడా కాస్త కదిలినట్టుంది. నాకు ఊపొచ్చేసింది. కుర్చీలోంచి లేచాను.

"ఇంతలో కింద ఏదో కదులుతున్నట్టు అనిపించింది. బంతా? కాదు. దీవి! మన దీవి మొత్తం, ఇళ్ళతో, చర్చితో, పెద్దమ్మ ఎండబెట్టుకున్న మాంసంతో సహా, ఐస్‌లాండ్ వైపు జరుగుతోంది. కోపెన్‌హాగన్‌లో మనల్ని ఏలే డెన్మార్క్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పే వ్యవధి ఉందా? ఏం చేశాను? వేలు ఇంకొంచెం నొక్కాను. ఆగింది!"

"దీవి?" అన్నాడు రోగ్వి.

"దీవి! అప్పుడు హాల్గిర్ తన్నాడు. బంతి వల చింపుకుని, కొండ చుట్టి, వెనక నుంచొచ్చి మళ్ళీ గోల్లో పడింది. మళ్ళీ చుట్టి మళ్ళీ పడింది. న్యాయంగా మూడు గోల్స్. రిఫరీ గాలిలో ఉన్నాడు కాబట్టి ఒకటే లెక్కపెట్టాడు. నేను అప్పీలు చెయ్యలేదు, పోనీలే పాపమని. ఇదిగో, సాక్ష్యం!"

అని కోటులోంచి ఫొటో తీసి, నేనే, నా చేత్తోనే, పెద్దమ్మ ఒళ్ళో పెట్టాను. నా జీవితంలో చాలా తప్పులు చేశాను గానీ ఉన్ని అల్లే మనిషి ఒళ్ళో గ్లౌజు ఫొటో పెట్టడమంత తప్పు ఇంకోటి చెయ్యలేదు.

పెద్దమ్మ సూదులు పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకుంది.

"ఈ గ్లౌజు నీదేనా నాయనా?"

"నాదే. మా నాయనమ్మ అల్లింది."

"మీ నాయనమ్మ పోయి పాతికేళ్ళయింది. ఇది తెల్ల గ్లౌజు, చూపుడువేలి కొస మాత్రం నలుపు. ఎందుకో తెలుసా? తెల్ల ఉన్ని అక్కడికి అయిపోయింది. ఎవరికి కావాలో ఆ మనిషికి మర్నాడే ఆట ఉంది. ఆ ఒక్క వేలూ మా నల్ల గొర్రె ఉన్నితో ముగించాను. నా చేతి కుట్టు నాకు తెలియదా!" ఫొటో మీంచి తలెత్తకుండానే అడిగింది. "ఏం అబ్సలోన్, ఆ జత ఇంకా ఉందా?"

అబ్సలోన్ చెవులు ఎర్రబడ్డాయి. కోటు జేబులోంచి ఒక గ్లౌజు తీసి బల్ల మీద పెట్టాడు. వేలి కొస నల్లగా ఉంది.

రోగ్వి గ్లౌజుని చూశాడు, నన్ను చూశాడు. కేకు ముక్క నా వైపు తోశాడు, చావింట్లో తినమన్నట్టు.

"ఇంకోటి కూడా చెప్తాను" అంది పెద్దమ్మ. "పెనాల్టీ కొట్టేటప్పటికి నువ్వు ఒడ్డునే లేవు. సముద్రంలో ఉన్నావు, పడవ తిప్పుకోలేక. గోల్ పడి జనం అరిస్తే, నిన్ను చూసే అరుస్తున్నారనుకుని లేచి నిలబడి చెయ్యూపావు. నీళ్ళలో పడ్డావు. గొర్రెల తాడేసి నిన్ను లాగింది ఎవరనుకున్నావు?"

ఆ తాడు నాకు గుర్తుంది. చంకల కింద వారం రోజులు మంట పుట్టింది.

టోపీ తీసుకున్నాను. ఉత్తరాల డబ్బా ఉందిగా, అది చాల్లే అనుకుని తలుపు దాకా వెళ్ళాను.

"బంతి తడిగా ఉంది."

ఎవరా అని వెనక్కి తిరిగాను. అబ్సలోన్!

"ఆ బంతి" అన్నాడు, గ్లౌజుతో మాట్లాడుతున్నట్టు. "ఆరు బంతులుండేవి. అయిదు గాలికి పోయాయి. ఆరోది సముద్రంలో పడింది. బంతి లేక రిఫరీ ఆట ఆపేసేవాడే. అంత అలల్లో ఎవడు వెళ్తాడు అనుకున్నాం. ఒడ్డు మీదికి వచ్చి పడింది. నేను వేలు పెడితే ఉప్పునీళ్ళు కారుతున్నాయి. ఎవరు విసిరారో అడగలేదు."

ఆ ఏడాదికి కావాల్సిన మాటలన్నీ అయిపోయాయి అతనికి. మళ్ళీ కాఫీలోకి చూశాడు.

రోగ్వి నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. "నిజమేనా బాబాయ్? ఆ సముద్రంలోకి పడవేసుకుని వెళ్ళావా? మరి ఇన్నేళ్ళూ దీవులూ గొర్రెలూ చెప్పావు గానీ, ఇది ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

"అది జరిగిందే కదరా" అన్నాను. "జరిగినదాంట్లో చెప్పడానికేముంది?"

పెద్దమ్మ కుంచె అందుకుంది. రంగు సీసా మూత తీసి ఫొటో కింద రెండు పేర్లు రాసింది. వేలు, అబ్సలోన్. బంతి, ట్రోండూర్. నా పేరులో అక్షరాలు కాస్త పెద్దవిగా కనబడ్డాయి. కళ్ళు తడిసి అలా కనబడ్డాయేమో, చెప్పలేను.

ఇక మేకు కొట్టడం ఒక్కటే మిగిలింది. సుత్తి అబ్సలోన్ తీసుకున్నాడు. మేకు పట్టుకోమని నన్ను నిలబెట్టారు. రెండు దేశాల్ని వేలాడదీసిన వేలు కదా.

"వేలు కదపకు" అన్నాడు అబ్సలోన్.

ప్రాణం పోయినా కదపనన్నాను. సుత్తి లేచింది. కదిపాను.

అందుకే ఆ ఫొటో ఈ రోజుకీ కొంచెం వంకరగా వేలాడుతుంది. ఎవరైనా అడిగితే గాలి అని చెప్తాను.