మళ్ళీ ఫౌంటెన్ దగ్గరికే

ఊరి నడుమ ఉన్న చిన్న పాత పార్కులో, తుప్పుపట్టిన ఫిరంగి పక్కన నిలబడి పిన్ని చెమట తుడుచుకుంటోంది. అక్క కూతురికి నిధి వేట పెడదామన్నది ఆవిడ ఆలోచనే. పిల్ల ఇంత గడుసుదని అప్పుడు గుర్తురాలేదు.

“పిన్నీ, ఈ చీటీ మళ్ళీ ఫౌంటెన్ దగ్గరికే పొమ్మంటోంది. అక్కడ చూశాంగా.”

“సరిగ్గా చూడలేదేమోనే.”

“సిరా కూడా ఆరలేదు. నేను చెప్పు సరిచేసుకుంటుంటే రాశావు కదూ?”

“నీకన్నీ అనుమానాలే తల్లీ.”

“మాటిమాటికీ ఫోనెందుకు చూస్తున్నావు? ఇంట్లో మన బొచ్చుగాణ్ణి ఇచ్చేస్తున్నారా?”

పిన్ని ఫోను కొంగు చాటుకు లాక్కుంది.

“ఇచ్చేశారమ్మా. కుక్కబొచ్చు తమ్ముడికి పడట్లేదుగా. నువ్వుంటే పంపనివ్వవని మీ అమ్మే...”

“ఎవరికీ ఇవ్వనని అమ్మ నాకు మాటిచ్చింది. నువ్వూ అక్కడే ఉన్నావు.”

“ఉన్నాను.”

“అయితే నిధి కూడా లేదన్నమాట.”

“దారిలో చాక్లెట్లు కొందామనుకున్నా.”

పిల్ల చీటీలన్నీ ఒక్కొక్కటిగా సాపుచేసి పిన్ని చేతిలో పెట్టేసింది.

“వెళ్ళేటప్పుడు నాకోసం చూశాడా?”

“మంచాల కిందా, తలుపుల వెనకా వెతికాడట.”

“మరి వాడికి చీటీ ఎవరూ రాయలేదా?”