వెలగని ఇంజిన్ దీపం

శామీర్‌పేట చెరువు మీద పొగమంచు ఇంకా విడలేదు. చెరువు కట్ట మీద నడిచొచ్చి, నిన్ననే కొన్న పాత కారులో తండ్రీ బిడ్డా కూర్చుని ఉన్నారు. ఆమె తాళం తిప్పగానే స్టీరింగు వెనక చిన్న చిన్న దీపాలు వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోయాయి. నీళ్ల మీద వదిలిన దీపాల్లా ఉన్నాయనుకున్నాడాయన.

“మల్లొక్కసారి తిప్పు బిడ్డా, మస్తుగున్నది.”

“తిప్పుత గని, ఇంజిన్ దీపం ఏది బాపూ?”

“వెలగలే. అంటే ఇంజిన్‌కు ఏ రోగం లేనట్టే గదా.”

“గట్ల గాదు. చాబి తిప్పంగనే మంచి బండిల గూడ అది ఒకపారి వెలిగి ఆరాలె. లోపలి రోగం బయటవడకుంట అమ్మినోడు దాని నోరు మూసిండు.”

“నిమ్మకాయలు తొక్కిచ్చినం గదనే. ఏం గాదు తియ్యి.”

“నువ్వెప్పుడు గదే మాట. గిప్పుడు కట్ట ఎక్కుతుంటె మాటిమాటికి ఎందుకు ఆగినవ్?”

“కొంగలను సూసిన.”

“గింత మంచుల కొంగలు యాడ కనవడ్డయి బాపూ?”

ఆయన అద్దంలోంచి తెల్లటి చెరువును చూశాడు. నీళ్లెక్కడో, ఆకాశమెక్కడో తెలియడం లేదు. ఆ తెలుపులో అలాగే కరిగిపోతే హాయిగా ఉంటుందనిపించింది. బిడ్డ మళ్లీ తాళం తిప్పింది. దీపాలు వెలిగాయి, ఆరాయి.

“గుండెల గుంజుతాంది బిడ్డా. కారు కొన్న సంబురం ఖరాబైతదని జెప్పలే.”

ఆమె తాళం తీసేసింది.

“దిగు బాపూ, దవాఖానకు పోదాం. గీ బండి నడుమల ఆగితే కష్టం. అగో, ఆటో వస్తాంది.”

“మరి కారు?”

“ఈడనే ఉండనియ్యి. దానికి ఇంజిన్ యాడనన్న దొరుకుతది.”