కందుల సంచిల అంతోని

ఏమే జ్యోతి, వచ్చినప్పటి సంది చూస్తున్న, మొకం గట్ల ముడుసుకొని కూసున్నవేంది? వికారాబాద్ నుంచి తాండూరు దాంక బస్సుల నిలవడే వచ్చినవా? కాదా? మరి? ఓహో. నీ బిడ్డ పూజకు రానన్నదా. పదమూడేండ్ల పోరి, చర్చికి పోతె దోస్తులు నవ్వుతరు, నేను రాను అన్నది, ఆదివారం పూట ఫోన్ వట్టుకొని మంచం దిగలే. సరే. గండ్ల ఏమున్నది గంత ఫికర్? ఏందీ, మీ ఇంటికొచ్చిన మీ నాయన ఫోన్ గుంజుకొని బీరువల వెట్టి తాళమేసిండా? "మా కాలంల గిట్ల లేకుండె, అమ్మ పిలిస్తె ఉరికి చర్చి ముంగట నిలవడుతుంటిమి" అన్నడా? ఎవ్వరు, మా అన్న కొడుకు రాజేందరేనా గా మాటన్నది? ఆగు ఆగు. జర నవ్వనియ్యి. అమ్మమ్మమ్మ, పక్కలు గుంజుతున్నయి. నీళ్ళియ్యి బిడ్డా.

మీ నాయన గిప్పుడు పెద్దమనిషయిండు. చర్చి కమిటీల ఉన్నడు, పండుగనాడు ఇస్త్రీ అంగి తొడిగి చందా పళ్ళెం తిప్పుతడు. నా ముంగటికొచ్చినప్పుడు జర ఎక్కువ సేపు నిలవడ్తడు, ఈ ముసలోడు జేబుల చెయ్యి పెడ్తడా లేదా అని. చూసినోళ్ళు వీడు తల్లి కడుపుల్నించే జపమాల మెడల ఏస్కొని వచ్చిండనుకుంటరు. నీకు మీ నాయనమ్మ యాదుందా? రాహేలమ్మ, మా వదిన. నువ్వు మస్తు చిన్నదానివి. నీకు యాదున్నది మూలకు కూసొని పూసలు తిప్పే ముసలామె. నాకు యాదున్నామె వేరే. గామె దేవునితోని మాట్లాడకపోయేది, కొట్లాడేది. పునీతులను గూడ, మన వాడకట్టోళ్ళను తిట్టినట్టే తిట్టేది. ఇంట్ల అంతోని సామి బొమ్మ ఉండె, మూరెడుంటది, చంకల చిన్న పిల్లడుంటడు, ముక్కు జర ఇరిగింది. పోయినవి దొర్కవెట్టే సామి గద ఆయన. ఒక్కసారి మా మేక తప్పిపోయింది. మా వదిన సామిని తీస్కపోయి జొన్నల గాబుల మెడ దాంక పాతిపెట్టింది. "మేక వచ్చేదాంక ఈడ్నే ఉండు, ఊకె పూలదండ లేస్కొని కూసుంటె నడువది" అన్నది. మాపటికి మేక వచ్చింది. ఆకలై వచ్చిందో, అంతోని పంపితె వచ్చిందో, మేక ఎవ్వరికి చెప్తది?

గీ సంగతి ఫాదర్ చెవుల వడ్డది. ఆయన గుంటూరు దిక్కోడు, సాఫ్ మాట్లాడ్తడు. "రాహేలమ్మగారూ, పునీతులవారిని అలా శిక్షించకూడదమ్మా, అది అపచారమండీ" అన్నడు. మా వదిన, "శిక్ష గాదు ఫాదర్, పనిమీద పెట్టిన. మీకు పని చెప్పెటందుకు మీ బిషప్ ఉన్నడు, ఆయనకెవరున్నరు?" అన్నది.

ఏం జెప్తున్న? ఆ, మీ నాయన. మా అన్న బండల గనిల పనిచేసేటోడు. మంచి భక్తుడు, నా లెక్క గాదు. నాకు పూజల ప్రసంగం మొదలుగాంగనే నిద్ర వచ్చేది, ఇప్పటికి గట్లనే, మందుగోలి అవుసరం లేదు. మా అన్న అట్ల గాదు. పొద్దుమూకి ఇంటికొచ్చి, కాళ్ళు గడుక్కొని, మీ నాయనను, మీ అత్త రెబెక్కను కూసోవెట్టి జపమాల చెప్పిచ్చేటోడు. తలా ఒక పదిసార్లు మరియమ్మ జపం, ఎవరి వంతు వాళ్ళు. గసొంటి మనిషి మీద బండ విరిగి వడ్డది. అక్కడికక్కడే. సమాధి చేసొచ్చినంక, ఒక మాపటి జపమాల కాడ మీ నాయన లేచి నిలవడ్డడు. పదిహేడేండ్లుండొచ్చు. "అమ్మా, నాయన రోజు చెప్పిండు గదనే జపం. మరి బండెందుకు వడ్డది?" అన్నడు. ఉపదేశి గాడ్నే ఉండె, పోరగాండ్లకు జపాలు నేర్పేటాయన. గొంతు సదురుకొని "దేవుని చిత్తం నాయనా" అని ఏదో మొదలువెట్టిండు. మా వదిన చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆపింది గాని తను గూడ ఏం జెప్పలే. పూసలు చేతుల వట్టుకొని గట్లనే కూసున్నది. మీ నాయన చెప్పులేస్కొని బయటికి వోయిండు.

గప్పటి సంది బంద్. పూజ బంద్, జపం బంద్. దేవుడు లేడు గీవుడు లేడు అనుకుంట తిరుగుడు. గదే టైంల, బిషప్ సామి వస్తుండు, పోరగాండ్లకు నుదుట నూనె వెట్టి భద్రమైన అభ్యంగనం ఇస్తడు అని చాటిచ్చిండ్రు. చిన్నప్పుడు మనకు తెల్వకుంట ఇచ్చిన జ్ఞానస్నానానికి, పెద్దగైనంక మన నోటితోని అవునని చెప్పుడన్నట్టు. "నేను అవునని చెప్ప" అన్నడు మీ నాయన. వాడకట్టంత ఒక్కటే గుసగుస. పక్కింటి భాగమ్మైతె ఇంటి ముంగటికొచ్చి మరీ, "తండ్రి లేని పోరడు గద వదినా, నాలుగు తగిలియ్యి, సక్కగైతడు" అన్నది. మా వదిన, "తగిలిస్తె మోకాళ్ళు వంగుతయి భాగమ్మా, లోపలిది వంగదు. నీ మొగుణ్ణి రోజు తగిలిస్తున్నవ్ గద, తాగుడు ఇడిసిండా?" అన్నది. భాగమ్మ మల్ల మా గడప తొక్కలే.

గని రాత్రైతె ఏడ్సేది. నా తోని అన్నది, "మరిదీ, మొగన్ని బండ తీస్కవోయింది. కొడుకును గా ఒక్క ప్రశ్న తీస్కవోతున్నది." గంతే, అంతోనిని తీసింది. గప్పుడు కంది పంట ఇంటికొచ్చుండె. సంచి మూతి తీసి సామిని గండ్ల మెడ దాంక దోపింది. "మేకను దెచ్చినవ్, గిప్పుడు కొడుకును దేవాలె. బిషప్ వచ్చేలోపల దేవాలె. లేకపోతె గీ కందులల్లనే ముసలోడివైతవ్" అన్నది.

మరి గిప్పుడు చూడు. తెల్లారి మీ నాయన కందులు అమ్మెటందుకు గంజ్‌కు ఏస్కపోవాలె. చీకట్ల లేచిండు, సంచుల మీద ఇంకిన్ని కందులు వోసి, మూతులు టకటక కుట్టి, బండి మీద ఏస్కపోయిండు. సామి తల మీద గూడ కందులే వోసిండు, చూస్కోలే. పగటీలికి ఇంటికొచ్చి బువ్వ కాడ కూసున్నడు. మా వదిన మూలకు చూసింది, సంచి లేదు. "నా అంతోని ఏడి రా?" "ఏ అంతోని?" "కందుల సంచిల నిలవెట్టిన." మీ నాయన చేతుల ముద్ద చేతుల్నే ఉన్నది. మా వదిన కంచం గుంజుకున్నది. "ఆయన ఇంటికొచ్చేదాంక గీ ఇంట్ల పొయ్యి ముట్టియ్య" అన్నది. దేవుడే లేడన్నోడు దేవుని మనిషిని దేవులాడుకుంట గంజ్‌కు ఉరికిండు. వెనక సైకిల్ మీద నేను. ఎందుకు వోకుంట, గసొంటి తమాషా మల్ల దొర్కుతదా?

గంజ్ల కందులన్ని కుప్పలు వోసిండ్రు. మీ నాయన ఒక్కొక్క కుప్ప కాడ నిలవడి అడుగుడు, "గీడ మా అంతోని గిట్ల వచ్చిండా?" "అంతోని ఎవ్వడు, కొత్త హమాలీనా?" అని వాళ్ళు. చివరికి ఒక ఆడ్తి దుకాణం కాడ చూస్తె, సామి తరాజు పక్కన స్టూల్ మీద నిలవడ్డడు. మెడల బంతిపూల దండ, ముంగట అగర్‌బత్తి, పక్కన ఎవరో చాయ్ గ్లాస్ గూడ పెట్టిండ్రు. కుప్ప వోస్తుంటె మా కందులల్ల నుంచి ఆయన తలకాయ ముందుగ బయటికొచ్చిందట. గాయన వచ్చినప్పటి సంది కందుల రేటు లేస్తుందట. సేటు రెండు చేతులు జోడిచ్చి, "ఈయన ఎటు పోడు. లక్ష్మి తోని వచ్చిండు" అన్నడు.

మీ నాయన "మా అమ్మది సేట్, ఇయ్యి" అంటె ఇయ్యడు. హమాలీల మేస్త్రి కరీముద్దీన్ ఉండె, పెద్ద మీసాలోడు, నడుమ వచ్చిండు. "అరే, పంచాయితి నేను జేస్త. నీదే అయితె చెప్పు రాజేందర్, యే కౌన్ హై, ఎవరీయన?" హమాలీలందరు సంచుల మీద కూసున్నరు. మీ నాయన పండ్లు కొరుక్కుంట, "అంతోని." "ఏం పని జేస్తడు?" "పోయినవి దొర్కవెడ్తడు." ఇగ చూడు, గంజంత ఒక్కటే నవ్వు. "ఆయనే పోయిండు గదర భై!" "చంకల పిల్లడెవ్వడు, కొడుకా?" "కాదు, ఈయనకు పెండ్లి గాలే." ఒకడు ఈలేసిండు. "పెండ్లి గాలే, చంకల పిల్లడు! వాహ్ అంతోని భాయ్!" నేను గూడ నవ్విన, అబద్ధమెందుకు.

మీ నాయనకు కోపమొచ్చింది. చెవులు ఎర్రగైనయి. "నవ్వుడు బంద్ జెయ్యుండ్రి! గా పిల్లడు బాలయేసు. ఈయన ఒక్కడే కూసొని ప్రార్థన చేస్కుంటుంటె, గా పిల్లడే వచ్చి చేతులల్ల కూసున్నడు. పిలువలే, బతిమాలలే. గాయనంతల గాయనే వచ్చిండు" అని ఒర్రిండు. ఉపదేశి ఎన్ని వారాలు బతిమాలినా నోరిప్పనోడు, గంజ్ నడుమ నిలవడి సాక్ష్యం చెప్తున్నడు! కరీముద్దీన్ మీసం కింద నవ్వుకుంట, "నీకెట్ల ఎరుక?" అన్నడు. "మా నాయన చెప్పిండు." గంతే, నవ్వుతున్నోళ్ళు సంచుల మీద నుంచి దిగిండ్రు. మా అన్నను గా గంజ్ల ఎరుగనోడు లేడు. కరీముద్దీన్ లేచి, తువ్వాల తోని సామి మీది దుమ్ము తుడిసి, మీ నాయన చేతులల్ల పెట్టిండు. "సేట్ సాబ్, ఇగ మాట్లాడకు" అన్నడు.

ఇంటికొచ్చినంక మీ నాయన బొమ్మను మా వదిన ముంగట టక్కున పెట్టి, "అంతోని నన్ను దెచ్చిండని సంబురపడకు. నేనే అంతోనిని దెచ్చిన" అన్నడు. మా వదిన, "ఎవ్వరు ఎవ్వర్ని దెస్తె ఏంది, ఇద్దరు ఇంటికొచ్చిండ్రు. కాళ్ళు గడుక్కో, బువ్వ తిను" అన్నది.

అభ్యంగనమా? ఏడ తీస్కున్నడు? బిషప్ వచ్చిండు, వోయిండు, మీ నాయన పాలిషింగ్ ఫ్యాక్టరీల బండలు రుద్దుకుంట కూసున్నడు. కథల లెక్క గాదు బిడ్డా, గట్లెట్లైతది? మా వదిన ఇగ పిలుసుడు బంద్ వెట్టింది. మాపటికి జపమాల కాడ రెబెక్క వంతు రెబెక్క, తన వంతు తను, మల్ల మీ నాయన వంతు గూడ తనే చెప్పేది. అది గూడ మీ నాయన గొంతు వెట్టి, గునుసుకుంట గునుసుకుంట! రెబెక్క ఒకటే నవ్వుడు. మీ నాయన బయట అరుగు మీద పండుకొని ఇననట్టు ఇనేటోడు. ఒకనాడు గామె గట్లనే చెప్పుకుంట పోతున్నది, అరుగు మీద నుంచి కేక, "అమ్మా, పది అయిపోయినయి! నా పేరు మీద ఎక్కువ చెప్పకు!" మరి చేతుల పూసలు వట్టుకున్న మనిషి లెక్క ఎట్ల తప్పుతదో నాకైతె ఎరుక లేదు. నేనడుగలే, ఆమె చెప్పలే.

చివరికి మీ అమ్మ మార్తను చేస్కుంటనన్నప్పుడు దొర్కిండు. ఫాదర్, "అభ్యంగనం లేకుండా పెళ్లి ఎలా బాబూ, ముందు అది తీసుకోవాలి" అన్నడు. ఇగ మీసాలొచ్చిన మొగోడు, నడుమెత్తు పోరగాండ్ల వరుసల నిలవడ్డడు. బిషప్ సామి ఎవరో పిల్లగాని తండ్రనుకొని పక్కకు జరుగుమన్నడు. మా వదిన నా చెవుల, "మరియమ్మ తల్లి పిలిస్తె రాలే, మార్త పిలిస్తె ఉరికొచ్చిండు సూడు" అన్నది. పూజల గంత నవ్వు ఆపుకునుడు నాతోని గాలే, బయటికొచ్చిన.

అవునే, నేనేమన్నా నీ బిడ్డ గట్లనే వస్తదంటున్ననా? అంటలే. వస్తదో రాదో నాకేం ఎరుక. ఒక్కటి చెప్త, మీ నాయనకు గూడ యాదికుండాలె గది. మా వదినకు పాణం బాగలేక వికారాబాద్ దవాఖానకు తీస్కపోతున్నం, బస్సుల. వాళ్ళిద్దరు ముంగట సీట్ల, నేను వెనక. అప్పటికి నువ్వు పుట్టినవ్, మీ నాయన ఇంట్ల రోజు నిన్ను మోకాళ్ళ మీద నిలవెట్టి జపం నేర్పుతున్నడు. ఉన్నట్టుండి అడిగిండు, "అమ్మా, నాయన పోయినంక నీకు నిజంగ నమ్మకముండెనా? నేనడిగిన దినం నువ్వేం జెప్పకపోతివి." మా వదిన కిటికీల నుంచి అవుతలికి చూస్కుంటనే అన్నది, "నువ్వడుగకముందే నేనడిగిన రా. నాకు గూడ ఎవ్వరు చెప్పలే. కొన్ని దినాలైతె, జపం చెప్తుంటె అవుతల ఎవ్వరు లేరనే అనిపిచ్చేది." "మరెందుకే, ఒక్క దినం గూడ ఇడువకుంట చెప్పినవ్?" "నేను గూడ లేచి వోతె, నువ్వు తిరిగొచ్చినప్పుడు గాడ ఎవ్వరుంటరు రా?"

...

ఆ? ఏం లేదు. గంతే.

నీ డబ్బాల ఏం కూర తెచ్చినవో తియ్యి ముందు.