నలభయ్యో లెవెలు

గోడౌన్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. ఆఫీసు గది బయట బెంచీ మీద ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లిద్దరు కూర్చున్నారు. పెద్దామె ఫోన్‌లో ఆట ఆడుతోంది.

“హమ్మయ్య, నలభయ్యో లెవెలు దాటానే. మూణ్ణెల్లు పట్టింది.”

“ఏం ఆటో ఏంటో అక్కా. కళ్లెలా పీక్కుపోయాయో చూసుకున్నావా?”

“ఆట కాదే, మెదడుకి కసరత్తు. పోయినేడు ఇంటర్వ్యూలో ధ్యాస నిలవట్లేదనే కదా నన్ను పక్కన పెట్టారు! ఇప్పుడు చెవి పక్కన లారీ హారన్ కొట్టినా వినపడదు. అవునూ, నన్నింకా పిలవలేదేం?”

“పిలిచారక్కా. రెండుసార్లు.”

“చెప్పొద్దూ?”

“ఆడేటప్పుడు కదిలిస్తే ఊరుకోనన్నావుగా.”

“మరి ఎవరెళ్లారు?”

“తర్వాత పేరు నాదే కదా. వెళ్లొచ్చాను కూడా.”

“సర్లే. ఏమడిగారు?”

“పని ఎవరి దగ్గర నేర్చుకున్నావన్నారు. నీ పేరే చెప్పాను.”